డిప్యుటేషన్ ముగిసి సొంత శాఖకు తిరిగి వెళ్లడం ఎలా? కేంద్ర ఉద్యోగులు ముందే చూసుకోవలసినవి

డిప్యుటేషన్‌కి వెళ్లేటప్పుడు అందరం అన్నీ అడుగుతాం. అలవెన్స్ ఎంత, క్వార్టర్ దొరుకుతుందా, ఐదేళ్లూ ఉండనిస్తారా అని. తిరిగొచ్చేటప్పుడు మాత్రం రిలీవింగ్ ఆర్డర్ ఒక్కటి చేతపట్టుకుని పాత ఆఫీసు మెట్లెక్కుతాం. లోపలికి వెళ్లి చూస్తే మన కుర్చీలో ఇంకెవరో కూర్చుని ఉంటారు. కోపం అక్కడ మొదలవుతుంది. ఆ కుర్చీ కోసం పోట్లాడుతూ ఉండగానే నిజంగా హక్కున్న సీనియారిటీ, ఇంక్రిమెంటు, ఖాళీగా కూర్చోబెట్టిన రోజుల జీతం చేజారిపోతాయి. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లో పనిచేసిన వాళ్లని అడగండి, ఇదే మాట చెబుతారు.

కేంద్ర ప్రభుత్వ శాఖ నుంచి మరో శాఖకో, ప్రభుత్వ రంగ సంస్థకో, స్వయంప్రతిపత్తి సంస్థకో డిప్యుటేషన్ మీద వెళ్లి తిరిగొస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

ముందుగా: ఏది మీది, ఏది కాదు

మీరు ఎన్నేళ్లు బయట ఉన్నా సొంత కేడర్‌లో మీ చోటు మీదే. దాన్నే లియన్ అంటారు. ఫారిన్ సర్వీసులో, అంటే ప్రభుత్వం బయటి సంస్థలో డిప్యుటేషన్ మీద ఉన్నంతకాలం, కొత్తచోట చేరడానికి ఇచ్చే జాయినింగ్ టైమ్‌లో ఉన్నా, సెలవులో ఉన్నా లియన్ నిలిచే ఉంటుందని ఫండమెంటల్ రూల్ 13 చెబుతుంది. ఏ లియన్ లేకుండా మిగిలిపోయే పరిస్థితి వస్తుందంటే ఉన్న లియన్‌ని తెంచకూడదని రూల్ 14-ఎ అంటుంది. అది పోయేది ప్రధానంగా ఒక సందర్భంలోనే: మీరు కేడర్ బయట మరో పర్మనెంట్ పోస్టు మీద లియన్ సంపాదించుకున్నప్పుడు, అంటే అవతలి శాఖలో కలిసిపోయినప్పుడు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు పడతారు. వేరే ఉద్యోగానికి సెలెక్ట్ అయి టెక్నికల్ రెజిగ్నేషన్ ఇచ్చి వెళ్లినవాళ్లకి లియన్ రెండేళ్లు, ప్రత్యేక సందర్భాల్లో మూడేళ్లు ఉంచుతారు. ఆ లెక్కని డిప్యుటేషన్‌కి తగిలించి "రెండేళ్లు దాటాయిగా, నీ లియన్ పోయింది" అని భయపెట్టేవాళ్లు ఉంటారు. ఆ రెండూ వేర్వేరు సంగతులు.

ఇక మీది కానిది. పాత సీటు, పాత సెక్షన్, పాత ఊరు మీ హక్కులు కావు. ఏడాదికి మించిన డిప్యుటేషన్ వల్ల వచ్చే ఖాళీని శాఖ ప్రమోషన్‌తో నింపుకోవచ్చు. అయితే అలా నింపేటప్పుడు, తిరిగి రాబోయేవాళ్లు ఎందరో కూడా లెక్కలోకి తీసుకోవాలని డీపీసీ, అంటే ప్రమోషన్లు తేల్చే శాఖాపరమైన కమిటీ మార్గదర్శకాలు చెబుతున్నాయి. కాబట్టి "ఖాళీ లేదు, తర్వాత రండి" అనే మాట చెల్లదు. "మీకు ఫలానా ఊళ్లో పోస్టింగ్ ఇచ్చాం" అనే మాట చెల్లుతుంది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగులైతే వీలైనంతవరకు ఒకేచోట వేయాలన్న 2009 నాటి డీఓపీటీ (కేంద్ర సిబ్బంది, శిక్షణ శాఖ) ఉత్తర్వు, వికలాంగులైన కుటుంబసభ్యుల్ని చూసుకునేవాళ్లకి సాధారణ బదిలీల నుంచి మినహాయింపునిచ్చిన 2014 నాటి ఉత్తర్వు ఉన్నాయి. మీకు వర్తిస్తే వాటిని చూపించి అడగండి. మర్యాదగా, ముందుగా అడగండి.

అవతలి ఆఫీసులోనే ఉండిపోతానని పట్టుబట్టడమూ హక్కు కాదు. కుణాల్ నందా కేసులో సుప్రీంకోర్టు 2000లో ఈ సంగతి తేల్చేసింది. నియమాల్లో ప్రత్యేకంగా ఉంటే తప్ప, ఎన్నేళ్లు పనిచేసినా డిప్యుటేషన్ ఉద్యోగికి అక్కడే కలుపుకోమని అడిగే హక్కు రాదు.

గడువుకి మూడు నెలల ముందు

మీ డిప్యుటేషన్ ఆర్డర్ తీసి గడువు తేదీ చూడండి. రిక్రూట్‌మెంట్ రూల్స్‌లో వేరే కాలం లేకపోతే మామూలుగా ఐదేళ్లు. 2016 ఫిబ్రవరి ఉత్తర్వు తర్వాత ప్రజా ప్రయోజనం కోసం ఏడేళ్ల దాకా పొడిగించే వీలుంది. ఆ తేదీని గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో రాసుకోండి. ఎందుకో చెబుతాను.

గడువు తేదీ రాగానే, ఎవరూ ఏ కాగితం ఇవ్వకపోయినా, మీరు రిలీవ్ అయిపోయినట్టే లెక్క. ఆ తేదీకి ముందే సంబంధిత అధికారి పొడిగింపుని రాతపూర్వకంగా ఇచ్చి ఉంటే తప్ప, తర్వాత అక్కడ పనిచేసిన ప్రతిరోజూ అనధికార ఓవర్‌స్టే. ఆ రోజులు పెన్షన్‌కి లెక్కలోకి రావు. ఆ మధ్యలో రావలసిన ఇంక్రిమెంటు మీరు తిరిగొచ్చి చేరేదాకా వెనక్కి పోతుంది, అదీ క్యుములేటివ్‌గా, అంటే ఆ నష్టం సర్వీసంతా వెంటాడుతుంది. పైపెచ్చు క్రమశిక్షణ చర్యలకీ అవకాశం ఉంది. గడువు దాటకుండా చూసే బాధ్యత మీ పై అధికారిదే అని కూడా ఆ నిబంధనలోనే ఉంది గానీ, నష్టపోయేది మీ సర్వీస్ బుక్కే.

"నేను మీ డైరెక్టర్‌తో మాట్లాడతానులే, మీరు పని చూసుకోండి" అని పెద్దసారు ఫోన్‌లో చెప్పిన మాట పొడిగింపు కాదు. ఫైల్ ఢిల్లీలో ఉందన్న మాటా పొడిగింపు కాదు. కాగితం రాకపోతే ఆ రోజు సాయంత్రం చార్జ్ అప్పగించి బయటికి రండి.

మూడు నెలల ముందు చేయవలసిన పని ఒక్కటే. సొంత శాఖ కేడర్ కంట్రోలింగ్ అధికారికి, ప్రస్తుత ఆఫీసు ద్వారా, ఒక పేజీ ఉత్తరం పంపండి. నా డిప్యుటేషన్ ఫలానా తేదీన ముగుస్తుంది, మర్నాటి నుంచి నా సేవలు అందుబాటులో ఉంటాయి, పోస్టింగ్‌కి నా విన్నపం ఇది. అడ్వాన్స్ కాపీని నేరుగా కూడా పంపండి. పోస్టింగ్ ఆర్డర్ ముందే సిద్ధంగా ఉండేది ఇలా చెప్పినవాళ్లకే.

గడువు కంటే ముందే పంపేస్తున్నారా?

అది కూడా జరుగుతుంది. 2010 జూన్ 17 నాటి డీఓపీటీ ఉత్తర్వు ప్రకారం గడువు నిండకుండా వెనక్కి పంపాలంటే సొంత శాఖకీ మీకూ కనీసం మూడు నెలల ముందు నోటీసు ఇవ్వాలి. గడువు చెప్పి ఇచ్చిన డిప్యుటేషన్‌ని మామూలుగా మధ్యలో తెంచకూడదని, పనికి తగరనో పని సరిగా లేదనో కారణం ఉంటే అది వేరని సుప్రీంకోర్టు 2005లో వి. రామకృష్ణన్ కేసులో అంది. నోటీసు లేకుండా పంపితే ఆర్డర్ అందిన వెంటనే రాతపూర్వకంగా అభ్యంతరం తెలపండి. అభ్యంతరం తెలుపుతూనే వెళ్లి సొంత శాఖలో చేరండి. చేరకుండా ఇంట్లో కూర్చుంటే గైర్హాజరు కేసు కొత్తగా నెత్తిన పడుతుంది. పొరపాటు వాళ్లదే అయినా సంజాయిషీ ఇచ్చుకోవలసింది మీరవుతారు.

చార్జ్ ఇచ్చే వారం: కాగితాలు

ఈ వారం మీరు కాస్త మొండిగా ఉండాలి. ఊరు దాటాక ఆ ఆఫీసు క్లర్కుకి మీ ఫోన్ ఎత్తే తీరిక ఉండదు.

సర్వీస్ బుక్ అక్కడే ఉంటే, డిప్యుటేషన్ కాలం మొత్తానికి సర్వీస్ వెరిఫికేషన్ ఎంట్రీ, సంతకం, స్టాంపు పడ్డాయో లేదో కళ్లారా చూసుకోండి. సెలవుల ఖాతాలో జనవరి 1న 15, జూలై 1న 15 ఎర్న్‌డ్ లీవ్ ప్రతి అర్ధ సంవత్సరానికీ జమైందా, మీరు వాడుకున్నవి సరిగా తీసేశారా చూడండి. ప్రతి పేజీని ఫొటో తీసుకోండి. ఎల్‌పీసీ, అంటే చివరి జీతం సర్టిఫికెట్ లేకపోతే కొత్త డీడీఓ, అంటే జీతాల బిల్లులు చేసే అధికారి, మీ జీతం బిల్లు పెట్టలేడు. నో డ్యూస్ కోసం ల్యాప్‌టాప్, గుర్తింపు కార్డు, లైబ్రరీ పుస్తకాలు, అడ్వాన్సులు ముందు వారమే అప్పగించి రసీదులు తీసుకోండి.

ప్రభుత్వ రంగ సంస్థకో స్వయంప్రతిపత్తి సంస్థకో వెళ్లినవాళ్లు ఇంకో పని చేయాలి. అది ఫారిన్ సర్వీస్ కిందికి వస్తుంది, మీ తరఫున లీవ్ శాలరీ, పెన్షన్ కంట్రిబ్యూషన్లు మీ సొంత శాఖకి వెళ్లాలి. వెళ్లాయో లేదో నెలవారీగా చలాన్ల వివరాలు అడిగి తీసుకోండి. రిటైర్మెంటుకి ఏడాది ముందు "ఫలానా సంవత్సరం కంట్రిబ్యూషన్ కనిపించడం లేదు" అంటే, అప్పటికి ఆ సంస్థలో మిమ్మల్ని గుర్తుపట్టేవాళ్లు కూడా ఉండరు. ఎన్‌పీఎస్‌లో ఉన్నవాళ్లు ప్రాన్ (పెన్షన్ ఖాతా నంబరు) స్టేట్‌మెంట్ దించుకుని, మీ వాటా, యజమాని వాటా ఏ నెలలోనైనా ఎగిరిపోయాయేమో వేలు పెట్టి లెక్కపెట్టండి.

ఏపీఏఆర్, అంటే వార్షిక పనితీరు నివేదిక సంగతి మరవద్దు. రిపోర్టింగ్ అధికారి కింద మూడు నెలలు పనిచేశారంటే ఆయన రాయాలి. ఆర్థిక సంవత్సరం మధ్యలో వచ్చేస్తుంటే మీ సెల్ఫ్ అప్రైజల్ ఇచ్చి రండి. 2009 నుంచి ఏపీఏఆర్ మొత్తాన్ని ఉద్యోగికి చూపించాలి. చూపించాక అభ్యంతరం చెప్పుకోవడానికి 15 రోజులు గడువు. డీపీసీలో ఆగిపోయే ప్రమోషన్లు చాలావరకు ఇలా అవతలి శాఖ నుంచి రాని ఒక ఏపీఏఆర్ దగ్గరే ఆగుతాయి.

దారిలో రోజులు: జాయినింగ్ టైమ్

ఊరు మారితే జాయినింగ్ టైమ్ మీ హక్కు. 1979 నాటి రూల్స్ ప్రకారం దూరం 1000 కిలోమీటర్ల లోపైతే 10 రోజులు, అంతకు మించితే 12, 2000 కిలోమీటర్లు దాటితే 15. విమానంలో వెళ్తే 12కి మించవు. అదే ఊళ్లో, ఇల్లు మారకుండా చేరేదైతే ఒక్క రోజే. దీన్ని ఎర్న్‌డ్ లీవ్‌తో కలిపి వాడుకోవచ్చు, క్యాజువల్ లీవ్‌తో కలపకూడదు. పూర్తిగా వాడుకోకుండా ముందే చేరితే మిగిలిన రోజులు, 300 రోజుల పరిమితికి లోబడి, మీ ఎర్న్‌డ్ లీవ్‌లో జమవుతాయి. ఎవరూ తమంతట తాము జమచేయరు, రాసి అడగాలి.

సామాను తరలింపు ఖర్చుతోపాటు కాంపోజిట్ ట్రాన్స్‌ఫర్ గ్రాంట్ ఉంది. 20 కిలోమీటర్లకు మించిన బదిలీకి చివరి నెల మూల వేతనంలో 80 శాతం. ఫారిన్ సర్వీస్ నుంచి వస్తుంటే మామూలుగా ఈ ఖర్చులు రెండు వైపులా మిమ్మల్ని డిప్యుటేషన్‌కి తీసుకున్న సంస్థే భరిస్తుంది. మీ డిప్యుటేషన్ నిబంధనల పత్రంలో ఆ పేరా చూసుకోండి.

చేరిన రోజు

ఇదే అన్నిటికన్నా ముఖ్యం. వెళ్లి అధికారిని కలిసి, టీ తాగి, "రెండు రోజులాగి రండి, ఎక్కడ వేయాలో చూస్తాం" అంటే నవ్వుతూ ఇంటికి వచ్చేయకండి. ఆ రెండు రోజులు నెల అవుతుంది. నెల రెండు నెలలవుతుంది. తర్వాత ఎవరో ఒక ఆడిట్ అధికారి, "ఈ కాలంలో ఈయన ఎక్కడున్నాడు? సెలవు పెట్టించండి" అని రాస్తాడు. మీరు దాచుకున్న ఎర్న్‌డ్ లీవ్ కరిగిపోతుంది.

నియమం మీ పక్షానే ఉంది. పాత పోస్టు చార్జ్ ఇచ్చి వచ్చి, పోస్టింగ్ ఉత్తర్వుల కోసం తప్పనిసరిగా ఎదురుచూడవలసి వస్తే ఆ కాలం డ్యూటీయే, ఫండమెంటల్ రూల్ 9(6)(బి) కింద. దాన్ని కంపల్సరీ వెయిట్ అంటారు. జీతం రావాలి, సర్వీస్ సాగాలి, సెలవు తరగకూడదు. కానీ మీరు హాజరయ్యారని రుజువుండాలి. అందుకే ఆ ఉదయమే జాయినింగ్ రిపోర్ట్ ఇవ్వండి. ఇంగ్లీషులోనో హిందీలోనో ఇస్తారు, సారాంశం ఇలా ఉంటే చాలు:

"ఫలానా మంత్రిత్వ శాఖలో ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు డిప్యుటేషన్‌పై పనిచేసి, ఫలానా నంబరు ఉత్తర్వు మేరకు రిలీవ్ అయ్యాను. ఇన్ని రోజుల జాయినింగ్ టైమ్ వాడుకుని ఈ రోజు ఉదయం విధుల్లో చేరుతున్నాను. పోస్టింగ్ ఉత్తర్వులు ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అవి అందేవరకు ఈ కాలాన్ని ఫండమెంటల్ రూల్ 9(6)(బి) కింద డ్యూటీగా పరిగణించగలరు."

రెండు ప్రతులు తీసుకెళ్లి, మీ ప్రతి మీద డైరీ నంబరు, తేదీ, స్టాంపు వేయించుకోండి. ఎవరూ తీసుకోకపోతే అదే రోజు ఆఫీసు ఈమెయిల్‌కి పంపి, స్పీడ్ పోస్టులో వేయండి. బయోమెట్రిక్‌లో పేరు ఎక్కకపోతే హాజరు రిజిస్టరులో సంతకం పెట్టనివ్వమని రాసి అడగండి. పదిహేను రోజులకోసారి ఒక చిన్న రిమైండర్ ఇవ్వండి. కోపంగా కాదు, రెండు వాక్యాల్లో. తర్వాత ఆ రిమైండర్లే మీ హాజరుకి సాక్ష్యం.

మొదటి జీతం తగ్గితే

తగ్గొచ్చు. తగ్గడం తప్పు కాకపోవచ్చు కూడా. తిరిగొచ్చాక మీకు రావలసింది, మీరసలు వెళ్లకుండా ఇక్కడే ఉండి ఉంటే ఎంత వచ్చేదో అంత. అవతల ఎక్కువ స్థాయి పోస్టు జీతం తీసుకుని ఉంటే అది వెంట రాదు.

ఉదాహరణకి లెవెల్ 7లో 44,900 మూల వేతనంతో వెళ్లి, అక్కడ లెవెల్ 8 పోస్టు జీతమే ఎంచుకుని 47,600 దగ్గర మొదలుపెట్టారనుకుందాం. మూడు ఇంక్రిమెంట్లు అయ్యేసరికి అక్కడ 52,000. సొంత కేడర్‌లో ఆ మూడు ఇంక్రిమెంట్లూ లెవెల్ 7లో పడతాయి: 46,200, 47,600, 49,000. తిరిగొచ్చాక మీ జీతం 49,000. ఆ 3,000 తేడా గురించి రిప్రజెంటేషన్ రాసి లాభం లేదు. 44,900 దగ్గరే వేసి, "ఇక్కడ పనిచేయలేదు కాబట్టి ఇంక్రిమెంట్లు లేవు" అంటే మాత్రం ఊరుకోవద్దు. డిప్యుటేషన్ సర్వీసు సొంత కేడర్‌లో ఇంక్రిమెంటుకి లెక్కలోకి వస్తుంది. ప్రమోషన్ రాకపోయినా 10, 20, 30 ఏళ్లకి పై స్థాయి జీతం ఇచ్చే ఎంఏసీపీకి కూడా డిప్యుటేషన్ కాలం రెగ్యులర్ సర్వీసులో భాగమేనని 2009 పథకంలోనే రాసి ఉంది.

సొంత స్కేలు జీతం మీద డిప్యుటేషన్ అలవెన్స్ తీసుకున్నవాళ్లకి, అంటే అదే ఊళ్లో 5 శాతం, వేరే ఊళ్లో 10 శాతం తీసుకున్నవాళ్లకి, అది రిలీవైన రోజుతో ఆగిపోతుంది. ఇంటి లోన్ ఈఎంఐలు దాని మీద కట్టుకోకుండా ఉంటే మేలు.

ఆదాయపు పన్ను గురించి ఒక్క మాట. సంవత్సరం మధ్యలో మారితే పాత ఆఫీసు జీతం, కోసిన టీడీఎస్ వివరాలు కొత్త డీడీఓకి ఇవ్వండి. లేకపోతే ఇద్దరూ స్టాండర్డ్ డిడక్షన్ ఇచ్చేసి, రిటర్న్ వేసేటప్పుడు మీ జేబుకి చిల్లు పడుతుంది.

మీరు లేనప్పుడు ప్రమోషన్లు జరిగాయా?

చేరిన మొదటి నెలలోనే తాజా సీనియారిటీ లిస్టు తీసి చూడండి. మీ పేరు ఉందా, పాత వరుసలోనే ఉందా? మీ కింద పేరున్నవాళ్లు పైకి వెళ్లారా?

డిప్యుటేషన్‌లో ఉన్నవాళ్ల పేర్లు కూడా, వాళ్లు సొంత ఇష్టంతో వెళ్లినా సరే, అర్హత ఉండి పరిధిలోకి వస్తే డీపీసీ ముందు పెట్టాలని 1989 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ తర్వాతి జూనియర్‌కి రెగ్యులర్ ప్రమోషన్ వస్తే, మీరు బయట ఉన్నా ఆ తేదీ నుంచి ప్రోఫార్మా ప్రమోషన్, అంటే అక్కడ లేకపోయినా కాగితం మీద ప్రమోషన్ ఇచ్చేది ఫండమెంటల్ రూల్ 30 కింద ఉన్న నెక్స్ట్ బిలో రూల్. బయట సంతృప్తికరంగా చేసిన సర్వీసుని సొంత శాఖలో చేసినట్టే చూడాలని సుప్రీంకోర్టు 1964లో ఎం.హెచ్. బెల్లారి కేసులో చెప్పింది. "మీరు ఇక్కడ లేరు కదండీ" అనే మాటకి జవాబు అరవై ఏళ్ల కిందటే దొరికిందన్నమాట.

మీ పేరు డీపీసీకి వెళ్లిందో లేదో తెలియకపోతే ఆర్‌టీఐ వేయండి. ఫీజు 10 రూపాయలు, జవాబుకి 30 రోజులు. ఫలానా తేదీ డీపీసీ పరిశీలన పరిధిలో నా పేరు ఉందా, నా ఏపీఏఆర్‌లు ఏ సంవత్సరాలవి పెట్టారు అని, మీ సంగతి మాత్రమే అడగండి. పక్కవాళ్ల ఏపీఏఆర్‌లు అడిగితే తిరస్కరించడానికి సాకు దొరుకుతుంది.

మళ్లీ డిప్యుటేషన్‌కి వెళ్లాలనుకుంటే జాయింట్ సెక్రటరీ స్థాయి వరకు మూడేళ్లు సొంత కేడర్‌లో గడపాలి. కూలింగ్ ఆఫ్ అంటారు. కొత్త ప్రకటన చూసి వెంటనే దరఖాస్తు పెడితే ఆ కాగితం మీ సెక్షన్ దాటదు.

అడిగినా ఇవ్వకపోతే

రిప్రజెంటేషన్ ఒక్కటే రాయండి, కానీ బలంగా రాయండి. ఒక ఫిర్యాదుకి ఒక కాగితం. ప్రమోషన్, టీఏ బిల్లు, క్వార్టర్ మూడూ ఒకే ఉత్తరంలో కలిపితే అది మూడు సెక్షన్ల మధ్య తిరిగి తిరిగి ఎవరి బల్ల మీదా నిలవదు. తేదీలు, ఉత్తర్వుల నంబర్లు, మీరు కోరేది ఏమిటి, ఏ నియమం కింద. ఎవరి మీదా ఆరోపణలొద్దు. ప్రాపర్ చానెల్‌లోనే పంపి డైరీ నంబరు తీసుకోండి.

ఆ తర్వాత సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్, అందరూ క్యాట్ అనేది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో పనిచేసేవాళ్లకి హైదరాబాద్ బెంచి ఉంది. 1985 చట్టం ప్రకారం ముందు శాఖలో ఉన్న మార్గాలు వాడుకుని రావాలి. రిప్రజెంటేషన్ పెట్టి ఆరు నెలలైనా జవాబు రాకపోతే వెళ్లొచ్చు. అక్కడినుంచి ఏడాది గడువు. తుది జవాబు వస్తే ఆ తేదీ నుంచి ఏడాది.

చాలా కేసులు ఈ లెక్క దగ్గరే పోతాయి. జవాబు రాలేదని ఇంకో రిప్రజెంటేషన్, దాని మీద మరో రిమైండర్, ఆపైన మంత్రిగారికొకటి పంపుతూ మూడేళ్లు గడిపేసి, చివరి ఉత్తరం తేదీ నుంచి ఏడాది లెక్కేసుకుంటారు. పదేపదే పెట్టే రిప్రజెంటేషన్లు గడువుని పొడిగించవని సుప్రీంకోర్టు 1989లో ఎస్.ఎస్. రాథోర్ కేసులో చెప్పింది. మీ మొదటి రిప్రజెంటేషన్ మీద పడిన డైరీ స్టాంపు తేదీకి ఆరు నెలలు కలపండి, దానికి ఇంకో ఏడాది కలపండి. మధ్యలో తిరస్కరిస్తూ జవాబు వస్తే ఆ జవాబు తేదీకి ఏడాది కలపండి. వచ్చిన తేదీని గోడ క్యాలెండర్ మీద, అదే ఎర్ర సిరాతో రాసుకోండి.